బయోటెర్రరిజం వస్తే తిరుపతి తట్టుకుంటుందా? ఇన్నేళ్లు ల్యాబులో గడిపినవాడిగా నాకు తెలిసింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిరుచానూరు దగ్గర ఉంటామని రాశారు. మీ అమ్మగారికి వాట్సాప్‌లో "కొండకొచ్చే జనం మీద క్రిములు చల్లబోతున్నారు" అని ఒక సందేశం వచ్చిందట. ఆవిడ ఆ సాయంత్రమే మెడికల్ షాపుకు వెళ్లి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ నాలుగు స్ట్రిప్పులు తెచ్చి బీరువాలో పెట్టుకున్నారట. రోజుకు అరవై, డెబ్బై వేల మంది వచ్చిపోయే ఊళ్లో అలాంటిదేదైనా నిజంగా జరిగితే మన ఆసుపత్రులు తట్టుకుంటాయా, మామూలు మనిషి చేయగలిగింది ఏమైనా ఉందా అన్నది మీ సందేహం.

నేను ముప్పై ఏళ్లు మైక్రోబయాలజీలో ఉన్నాను, అందులో ఎక్కువ కాలం తిరుపతిలోనే. చివరి కొన్నేళ్లు జిల్లా వ్యాధి నిఘా బృందంతో కలిసి జబ్బు ప్రబలిన ఊళ్లన్నీ తిరిగాను. ఇలాంటి పని ఎలా చేస్తారన్నది నేను రాయను, ఎవరడిగినా చెప్పను. ఎలా పట్టుకుంటారన్నదే నా పని, కాబట్టి అదే చెబుతాను.

ముందు ఒక మాట. బయోటెర్రరిజం అంటే కావాలని క్రిములతో చేసే దాడి. అలాంటి దాడి జరిగితే సైరన్ మోగదు. తెల్లటి సూట్లు వేసుకున్నవాళ్లు వ్యాన్లలోంచి దిగరు. రాత్రి డ్యూటీలో ఉన్న ఓ చిన్న డాక్టరు ముందుకు జ్వరంతో ఒక మనిషి వచ్చి కూర్చుంటాడు, అంతే. ఆ జ్వరం దోమ వల్ల వచ్చిందా, నీళ్ల వల్ల వచ్చిందా, మనిషి దుర్మార్గం వల్ల వచ్చిందా అన్నది ఆ రాత్రి ఎవరికీ తెలియదు. తెలియకపోయినా ఆ డాక్టరు చేయాల్సిన పని మారదు. రక్తం తీయాలి, ల్యాబుకు పంపాలి, పైకి చెప్పాలి. మన బలమైనా బలహీనతైనా ఆ మూడు పనుల దగ్గరే ఉంటుంది.

2001 అక్టోబరు చివర్లో జరిగిన సంగతి చెబుతాను. అమెరికాలో ఆంత్రాక్స్ ఉత్తరాల గోల, అంటే ప్రాణం తీసే ఒక బ్యాక్టీరియా పొడిని కవర్లలో పెట్టి పంపిన గోల, నడుస్తున్న రోజులు. మన దేశంలోనూ తెల్లపొడి కనిపిస్తే చాలు, జనం పరుగులు తీస్తున్నారు. ఒక మధ్యాహ్నం ఒక కానిస్టేబులు మా ల్యాబుకు వచ్చాడు. బండి హ్యాండిల్‌కు తగిలించుకొచ్చిన క్యారీబ్యాగులో ఒక కవరు ఉంది. జిల్లాలో ఒక ఆఫీసుకు వచ్చిన ఉత్తరం అది. గుమాస్తా చించేసరికి బల్ల మీద తెల్లపొడి రాలిందట. పైన ఫ్యాను తిరుగుతూనే ఉందట. ఆఫీసు మొత్తం ఖాళీ చేశారు గానీ, ఫ్యాను ఆపాలని ఒక్కరికీ తోచలేదు. గుమాస్తా చేతులు కడుక్కోకుండానే ఇంటికెళ్లిపోయాడు. ఆ కవరు నలుగురి చేతులు మారి, ముప్పై కిలోమీటర్లు గాలిలో ఊగుతూ మా దగ్గరికి చేరింది.

సేఫ్టీ క్యాబినెట్‌లో పెట్టి తెరిచాం. స్లైడు వేసి గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియా కనిపించేలా రంగు వేసి చూసే పరీక్ష) చేస్తే క్రిమి జాడే లేదు, అంతా బూడిద. అద్దం అవతల నిలబడి చూస్తున్న మా అటెండరు "సార్, అది విబూది. శ్రీకాళహస్తిది. వాసన చూస్తే తెల్సిపోతుంది" అన్నాడు. "వాసన చూడొద్దు" అని నేను అరిచిన అరుపు వరండా దాకా వినిపించిందట, ఆయన రిటైరయ్యేదాకా దాన్ని చెప్పుకుని నవ్వేవాడు. పద్ధతి ప్రకారం కల్చర్ పెట్టి రెండు రోజులు చూశాం, ఏమీ మొలవలేదు. కవరు అడుగున మడతపెట్టిన కాగితం ఉంది. బదిలీ కోసం ఎవరో పెట్టుకున్న అర్జీ. పని జరగాలని స్వామి విభూతి కూడా జతచేశాడు, పాపం.

నవ్వుకున్నాం గానీ, ఆ రోజు మేం ఒక పట్టిక రాసుకున్నాం. ఆ పొడి నిజంగా ఆంత్రాక్స్ అయ్యుంటే ఎక్కడెక్కడ తప్పు జరిగేదో రాస్తే ఒక పేజీ నిండింది. పొడిని కదిలించకూడదు. ఫ్యాను, ఏసీ ఆపాలి. గది తలుపు మూయాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గదిలో ఎవరెవరున్నారో పేర్లు రాసుకోవాలి. పోలీసులకు చెప్పి, వాళ్లు వచ్చేదాకా ఆ కవరు జోలికి పోకూడదు. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదని గమనించండి.

అమెరికాలో ఆ ఏడాది 22 మందికి సోకి ఐదుగురు చనిపోయారు. మొదటి మనిషి ఫ్లోరిడాలో ఒక పత్రికకు ఫొటో ఎడిటర్‌గా పనిచేసే బాబ్ స్టీవెన్స్. జ్వరం, అయోమయం, మెదడువాపు లక్షణాలతో ఆసుపత్రికి వచ్చాడు. లారీ బుష్ అనే డాక్టరు ఆయన వెన్నునీటిని మైక్రోస్కోపు కింద చూస్తే పెద్దపెద్ద కడ్డీల్లాంటి నీలి బ్యాక్టీరియా కనిపించింది. మామూలు మెదడువాపులో అవి ఉండవు. వేరే ఎవరైనా అయితే "ఏదో కలిసిపోయి ఉంటుంది, మళ్లీ తీద్దాం" అనుకునేవారు. ఆయన మాత్రం ఇది ఆంత్రాక్స్ కావచ్చని వెంటనే ఆరోగ్య శాఖకు ఫోను చేశాడు. ఆ దేశపు నిఘా వ్యవస్థ మొత్తం కదిలింది ఒక స్లైడు మీద, ఒక ఫోను మీద. గ్రామ్ స్టెయిన్ మన ఏరియా ఆసుపత్రుల్లో కూడా చేయగలరు, పది నిమిషాల పని. చూసే కన్ను ఉండాలి, చూసింది చెప్పే నోరు ఉండాలి.

అదే అమెరికా అదే నెలలో చేసిన తప్పు కూడా చెప్పాలి. అక్టోబరు 15న ఒక సెనేటర్ ఆఫీసులో ఉత్తరం తెరవగానే అక్కడివాళ్లందరికీ మందులిచ్చారు. ఆ ఉత్తరాన్ని అంతకుముందే తమ యంత్రాల్లో తిప్పి పంపిన వాషింగ్టన్ తపాలా కేంద్రం ఉద్యోగులు మాత్రం ఎవరికీ గుర్తుకురాలేదు. అంటించిన కవరులోంచి పొడి బయటికి రాదనుకున్నారు. వారం తిరిగేసరికి అక్కడ ఇద్దరు చనిపోయారు. ఎవరు ముందు గుర్తొస్తారో ఎవరు గుర్తుకురారో ఆంత్రాక్స్ బయటపెట్టింది. ఇంతకీ ఇదంతా చేసింది తమ సొంత సైనిక ప్రయోగశాల శాస్త్రవేత్తేనని ఎఫ్‌బీఐ తేల్చి 2010లో కేసు మూసేసింది. ఆయన 2008లోనే చనిపోయాడు, కాబట్టి కోర్టులో విచారణంటూ జరగలేదు.

ఇక తిండి, నీళ్ల సంగతి. ఇక్కడ కాస్త ఆగుతాను. మీ అమ్మగారి భయంలో సగం ఇదే అయ్యుంటుంది, పైగా మా ఉద్యోగంలో నూటికి తొంభై పాళ్లు ఇదే.

చంద్రగిరి వైపు ఒక కల్యాణ మండపంలో రాత్రి రిసెప్షన్ భోజనాలయ్యాయి. రెండు మూడు గంటలు గడవకముందే వాంతులు మొదలు. నలభై మందికి పైగా ఆసుపత్రిపాలయ్యారు. మేం వెళ్లేసరికి మండపం ముందు పోలీసు జీపు ఉంది. పెళ్లికూతురి మేనమామ మమ్మల్ని పక్కకు లాగి, "సార్, ఇది వాళ్లే చేసినారు సార్. భూమి తగాదా ఉండాది. ఎవురో వంటలో ఏందో కలిపినారు" అని ఒక పేరు కూడా చెప్పేశాడు. ఆ పేరున్న మనిషి అదే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుంటున్నాడు.

మా దగ్గర ఉన్న ఆయుధం ఒక గీతల నోటుబుక్కు. జబ్బుపడిన వాళ్లనే కాదు, బాగున్నవాళ్లను కూడా కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడిగాం. ఎన్ని గంటలకు తిన్నారు? ఏమేం తిన్నారు? వాంతి ఎప్పుడు మొదలైంది? అన్నం, సాంబారు, వడ, చిత్రాన్నం, పెరుగన్నం, పాలకోవా... ఒక్కో వస్తువుకు ఒక గడి. రాస్తూ రాస్తూ ఉంటే ఒక విషయం కళ్లకు కొట్టింది. షుగరున్న పెద్దాళ్లందరూ నిక్షేపంలా ఉన్నారు. ఒక తాత బల్ల మీద కూర్చుని, "నాకేం కాలేదు నాయనా, అన్నీ తిన్నా" అంటున్నాడు. అన్నీ అంటే తీపి తప్ప అన్నీ.

కోవా దగ్గరికి వెళ్లాం. అది చేత్తో వత్తి బిళ్లలు చేసిన కోవా. మధ్యాహ్నమే చేసి, తడిక కింద వేడిలో పెట్టారు. చేసిన కుర్రాడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. విప్పితే చీము. స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా ఆ పుండులోంచి కోవాలో చేరి, ఆ వేడిలో పెరిగి, విషం వదిలింది. తిన్న రెండు మూడు గంటల్లోనే వాంతి వస్తే ఆ జాతి విషాన్నే ముందు అనుమానించాలి. అదే సాల్మొనెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా అయితే సాధారణంగా ఆరు గంటల నుంచి రెండు మూడు రోజులు పడుతుంది. గడియారమే సగం రోగనిర్ధారణ. మేనమామకు చెబితే నమ్మలేదు. "అట్లంటే మా వంటోడే విషం పెట్టినాడా?" అన్నాడు.

ఇప్పుడు దీని పక్కనే ఇంకో ఉదంతం పెట్టి చూడండి. 1984 సెప్టెంబరు, అక్టోబరుల్లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో ద డాలెస్ అనే చిన్న పట్నం. హోటళ్లలో సలాడ్లు తిన్న 751 మందికి సాల్మొనెల్లా సోకింది, 45 మంది ఆసుపత్రిలో చేరారు, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. దర్యాప్తు చేసినవాళ్లు వంటవాళ్ల చేతుల శుభ్రత సరిగా లేకపోవడమే కారణం కావచ్చని తేల్చారు. అసలు సంగతి బయటపడటానికి ఏడాది పట్టింది. మన పూణే నుంచి అక్కడికి మకాం మార్చిన ఓషో రజనీష్ ఆశ్రమంలో పెద్దల మధ్య గొడవలొచ్చి, 1985లో రజనీషే పత్రికల ముందు తన అనుచరుల మీద ఆరోపణలు చేశాడు. ఆశ్రమం క్లినిక్ ల్యాబులో అదే రకం సాల్మొనెల్లా దొరికింది. నవంబరు స్థానిక ఎన్నికల్లో ఊరివాళ్లు ఓటు వేయలేకుండా చేయాలన్నది వాళ్ల పథకమట.

మా మండపంలో జనం "కుట్ర" అన్నారు, అది పుండు. ద డాలెస్‌లో అధికారులు "చేతుల శుభ్రత" అన్నారు, అది కుట్ర. ఈ రెండిటినీ విడదీసేది ఆ నోటుబుక్కే. ద డాలెస్‌లో పది హోటళ్లు. అన్నిటికీ సరుకు పోసే ఉమ్మడి వ్యాపారి లేడు, ఉమ్మడి నీళ్లు లేవు. అయినా అన్నిచోట్లా ఒకే రకం బ్యాక్టీరియా. సంబంధం లేని పది వంటిళ్లలో ఒకే వారం ఒకే క్రిమి తనంతట తాను పుట్టదు. అక్కడ ఆగి ఇంకో ప్రశ్న వేయాల్సింది. వెనక్కి తిరిగి చూసి చెప్పడం తేలికే, ఒప్పుకుంటాను. నేనున్నా బహుశా చేతుల శుభ్రతే రాసేవాణ్ణి.

ఇలాంటి చోట మేం చూసుకునే ఆనవాళ్లు ఇవే: ఆ కాలంలో రాని జబ్బు రావడం, ఆ ప్రాంతంలో లేని జబ్బు రావడం, సంబంధం లేని చోట్ల ఒకేసారి రావడం, మామూలుగా చర్మానికి వచ్చేది ఊపిరితిత్తులకు రావడం, మనుషులతోపాటు పశువులూ పడిపోవడం.

పశువులు అన్నాను కదా. మన జిల్లాలో ఈ విషయం డాక్టర్లకంటే పశువుల డాక్టర్లకే బాగా తెలుసు. ఆంత్రాక్స్ అనగానే టీవీలో ప్రయోగశాల చూపిస్తారు. మన రైతుకు అది దొమ్మరోగం. కొత్తది కాదు, బయటి నుంచి రావక్కర్లేదు. దాని బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. ఉన్నట్టుండి గొర్రె పడిపోతుంది, ముక్కులోంచి నల్లటి రక్తం కారుతుంది, అది గడ్డకట్టదు. అప్పుడు ఆ కళేబరాన్ని కోయకూడదు. కోస్తే గాలి తగిలి బీజాలు తయారై ఆ నేలంతా చెడిపోతుంది. మా పశువైద్య మిత్రుడు చెవి నరంలోంచి ఒక బొట్టు రక్తం తీసి స్లైడు వేసేవాడు, అంతకుమించి కత్తి పెట్టేవాడు కాదు. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చమనేవాడు. కానీ చచ్చిన గొర్రె అంటే పేదవాడికి వేలల్లో నష్టం. కోసి పోగులేసుకుని పంచుకుంటారు. 2011 జూలై, ఆగస్టు నెలల్లో చిత్తూరు జిల్లా ముసలిమడుగులో చర్మపు ఆంత్రాక్స్ మనుషులకు సోకింది. అలాంటి కేసులు మన రాష్ట్రంలో అక్కడక్కడా వస్తూనే ఉన్నాయి. ఏ టెర్రరిస్టూ అక్కర్లేదు.

కుర్ర డాక్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకో మాట. మన దగ్గర జ్వరంతోపాటు ఒంటి మీద నల్ల పెచ్చు కనిపిస్తే అందరికీ ముందు గుర్తొచ్చేది స్క్రబ్ టైఫస్ (నలుసంత పురుగు కుట్టి వచ్చే జ్వరం), ఆ పెచ్చు సిగరెట్టుతో కాల్చిన మచ్చలా ఉంటుంది. అది సరైన ఆలోచనే. అది ఎక్కువగా చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర దాక్కుంటుంది, చిన్నదిగా ఉంటుంది. అదే పెచ్చు చేతి మీద, ముంజేతి మీద ఉండి, చుట్టూ పొంగినట్టు వాపు ఉండి, నొక్కినా నొప్పి లేదంటే, అది చర్మపు ఆంత్రాక్స్ కావచ్చు, ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఈ మధ్య చచ్చిన గొర్రెనో మేకనో కోశావా?" అని. కోశానంటే కారణం దొరికింది. మాంసం, తోలు, ఉన్ని దేనితోనూ సంబంధం లేదంటే మాత్రం ఆ కేసు మీ టేబులు దాటి పైకి వెళ్లాలి.

1979లో సోవియట్ రష్యాలో స్వెర్డ్‌లోవ్‌స్క్ నగరంలో ఇదే ఆంత్రాక్స్‌తో కనీసం 66 మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం తిన్నారని ప్రభుత్వం చెప్పింది. పదమూడేళ్ల తర్వాత 1992లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ నోటి వెంట నిజం వచ్చింది, అది సైనిక స్థావరం నుంచి లీకైందని. (1979లో ఆ ప్రాంతానికి పార్టీ పెద్ద ఆయనే, అది వేరే సంగతి.) తర్వాత మాథ్యూ మెసెల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం అక్కడికెళ్లి, చనిపోయినవాళ్ల ఇళ్లకు తిరిగి, లీకైన రోజు, అంటే ఏప్రిల్ 2న, ఎవరు ఎక్కడున్నారో మ్యాపు మీద చుక్కలు పెట్టింది. ఆ రోజు గాలి వీచిన దిక్కులో సైనిక స్థావరం నుంచి ఊరి దక్షిణపు అంచు దాకా చుక్కలన్నీ ఒక సన్నటి పట్టీలో పడ్డాయి. ఊరు దాటాక అదే గీత మీద పల్లెల్లో గొర్రెలు, ఆవులు చచ్చాయి. మళ్లీ అదే నోటుబుక్కు, ఈసారి ఒక మ్యాపు కూడా.

ఇప్పుడు మీరడిగిన అసలు ప్రశ్న, తిరుపతి.

మన ఊరికి ఒక వింత ఇబ్బంది ఉంది. తిరుపతిలో అంటుకున్న జబ్బు తిరుపతిలో బయటపడదు. భక్తుడు ఒకటి రెండు రోజులుండి వెళ్లిపోతాడు. జ్వరం వచ్చేసరికి ఆయన చెన్నైలోనో, బళ్లారిలోనో, నాగపూరులోనో, కరీంనగరులోనో ఉంటాడు. ఒక్కో ఊళ్లో ఒక్కో కేసు. ఏ ఊరి డాక్టరుకూ అది ప్రబలినట్టు కనిపించదు. మన ఆసుపత్రులన్నీ ప్రశాంతంగానే ఉంటాయి. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో ఎన్ని పడకలున్నాయన్నది దాని తర్వాతి ప్రశ్న.

నేను సర్వీసులో ఉండగా చెన్నైలో పనిచేసే ఒక పాత స్నేహితుడు ఫోను చేశాడు. "మీ ఊళ్లో ఏమైనా నడుస్తోందా? పొద్దుటి నుంచి విరేచనాలతో ముగ్గురొచ్చారు, ముగ్గురికీ తాజా గుండే" అన్నాడు. ఇంకెవరైనా అయితే ముగ్గురికీ సెలైన్ పెట్టి పంపేవారు. వాడు మాత్రం గుండ్లు చూసి ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగాడు. ముగ్గురూ వేర్వేరు కుటుంబాలు, ఒకే టూరు బస్సు. తీగ లాగితే కొండ మీద ఏమీ లేదు. బస్సువాడు దారిలో ఎక్కడో డ్రమ్ము నింపుకున్న తాగునీళ్లు. గంధం పూసిన గుండుకంటే మంచి ట్రావెల్ హిస్టరీ నేను చూడలేదు. ఆ ఫోను మాత్రం స్నేహం వల్ల వచ్చింది. స్నేహం లేని చోట వ్యవస్థ ఉండాలి.

ఆ వ్యవస్థ పేరు ఐడీఎస్‌పీ, దేశమంతా జబ్బుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ కార్యక్రమం, 2004లో మొదలైంది. ఏఎన్ఎం ఎస్ ఫారం, డాక్టరు పీ ఫారం, ల్యాబు ఎల్ ఫారం నింపాలి. మొదట్లో అవి వారానికోసారి కాగితాల మీద వచ్చేవి. 2021 నుంచి ఐహెచ్ఐపీ అనే పోర్టల్లో ఎక్కిస్తున్నారు. జిల్లాలో ఎక్కడ జ్వరాలు పెరిగినా తెరమీద కనిపించాలి. కనిపిస్తుందా అంటే, ఎక్కించినంత మేరకు కనిపిస్తుంది. నేను తిరిగిన రోజుల్లో నన్ను బాగా చిరాకుపెట్టింది కేసులు రాని ఊళ్లు కాదు, ఫారాలు రాని ఊళ్లు. "ఈ వారం ఏమీ లేదు" అని రాసి పంపితే అదొక సమాచారం. ఏమీ పంపకపోతే ఊరు బాగుందో, ఏఎన్ఎం సెలవులో ఉందో తెలియదు. ప్రైవేటు నర్సింగు హోముల సంగతి చెప్పక్కర్లేదు. తిరుపతిలో జ్వరమొస్తే సగం మంది ముందు వెళ్లేది అక్కడికే, లెక్కల్లోకి రావడానికి వాళ్లకు తీరికుండదు. తెల్లసూట్లు కొనడానికి డబ్బుందంటే, ముందు ఆ డబ్బుతో ఖాళీ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు నింపమంటాను నేను.

దాడి చేయడం వాట్సాప్ చెప్పినంత తేలికా అంటే, కాదు. జపానులో ఓం షిన్రిక్యో అనే ముఠాకు డబ్బుంది, చదువుకున్న శాస్త్రవేత్తలున్నారు. 1993లో టోక్యోలో ఆంత్రాక్స్ వదిలారు. చుట్టుపక్కలవాళ్లు కంపు వస్తోందని ఫిర్యాదు చేశారు, అంతే, ఒక్కరికీ జబ్బు రాలేదు. వాళ్ల దగ్గరున్నది పశువుల టీకాకు వాడే రకమని తర్వాత తేలింది. 1995లో టోక్యో మెట్రోలో వాళ్లు వదిలినది సారిన్, అది రసాయనం. మశూచి సందేశాలు కూడా తిరుగుతున్నాయని రాశారు. సహజంగా వచ్చిన చివరి మశూచి కేసు 1977లో సోమాలియాలో. 1980లో లోకం నుంచి పోయిందని ప్రకటించారు. ఇప్పుడు ఆ వైరస్ అధికారికంగా అమెరికాలో ఒకచోట, రష్యాలో ఒకచోట, గట్టి కాపలాలో ఉంది. జీవాయుధాలను నిషేధించే ఒప్పందం 1975 నుంచి అమల్లో ఉంది, భారత్ కూడా అందులో ఉంది. ఎవరు పాటిస్తున్నారో వెళ్లి తనిఖీ చేసే యంత్రాంగం మాత్రం ఆ ఒప్పందానికి లేదు. ప్రమాదం తక్కువన్నాను గానీ లేదనలేదు. కోవిడ్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది దయచేసి ఇక్కడ ఎత్తకండి, తెల్లారిపోతుంది.

నిజానికి క్రిమికంటే ముందు పుకారు చేరుతుంది. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే లక్షల మంది రైళ్లెక్కి పారిపోయారు, వాళ్లలో ప్రైవేటు డాక్టర్లు కూడా ఉన్నారు. టెట్రాసైక్లిన్ దుకాణాల్లో అయిపోయింది. చనిపోయింది అరవై మంది లోపే, దేశం నష్టపోయింది వేల కోట్లు. మన ఏలూరు చూడండి. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి మూర్ఛలు, 500 మందికి పైగా పడిపోయారు. మొదటి రెండు రోజులు వినని పుకారు లేదు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ ఆనవాళ్లు బయటపడ్డాక, మాటలు క్రిముల నుంచి నీళ్లూ పురుగుమందుల వైపు మళ్లాయి. ఆ రెండు రోజుల్లో ఎవరి మీదైనా వేలు చూపించి ఉంటే? మా మండపం మేనమామ లాంటివాడి చేతిలో ఆ రోజు ఫోనూ వాట్సాప్ గ్రూపూ లేకపోవడం మా అదృష్టం.

ఇక మీ ఇంటి సంగతి. డాక్సీసైక్లిన్ మంచి మందే, స్క్రబ్ టైఫస్‌కు మన దగ్గర రోజూ వాడతాం. కానీ ముందుజాగ్రత్తగా బీరువాలో పెట్టుకునేది కాదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. వైరస్‌కు అది పనిచేయనే చేయదు. 2001లో అమెరికాలో సుమారు పది వేల మందికి 60 రోజులు వాడమని రాసిచ్చారు, సగం మంది కూడా పూర్తిచేయలేదు. భయం పది రోజుల్లో తగ్గిపోతుంది, కడుపులో మంట తగ్గదు. నిజంగా అవసరమొస్తే ఏ మందు, ఎవరికి, ఎన్ని రోజులు అన్నది క్రిమి ఏదో తేలాకే చెబుతారు, మందు ప్రభుత్వమే ఇస్తుంది.

మీరు చేయగలిగింది ఏమిటంటారా? మీ వీధి ట్యాంకు దగ్గర నీళ్లు వదిలే మనిషిని క్లోరోస్కోపు చూపించమనండి. చిన్న గాజు గొట్టం, నాలుగు చుక్కల మందు. కుళాయి నీళ్లలో వేస్తే లేత పసుపు రావాలి. రాకపోతే క్లోరిన్ లేనట్టు. దాడి ఉన్నా లేకున్నా, వానాకాలం విరేచనాలకైనా అదే అడ్డు. వీధిలో ఒకేసారి నాలుగిళ్లలో ఒకే రకం జబ్బు కనిపిస్తే, ఎవరో చెప్పి ఉంటారులే అనుకోకుండా ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పండి, లేదా 104కు ఫోను చేయండి. పశువులు, కోళ్లు గుంపుగా చస్తే 1962. అనుమానపు కవరో పొట్లమో అయితే 112. ఆ ఆఫీసులో మర్చిపోయింది మీరు మర్చిపోవద్దు, ఫ్యాను ఆపండి.

మీ అమ్మగారు కొన్న స్ట్రిప్పులకు బిల్లు ఉందేమో చూడండి. కత్తిరించని స్ట్రిప్పులైతే కొన్ని షాపులవాళ్లు వెనక్కి తీసుకుంటారు. డబ్బు తిరిగి ఇవ్వం అంటే బదులుగా ఓఆర్ఎస్ పొట్లాలు అడగండి, అవి మాత్రం ఇంట్లో ఉండాలి.